రైఫిల్ కర్రకు మళ్ళీ మెరుగు: ఇంట్లోనే, నిదానంగా

మొదటిసారి ఈ పనికి కూర్చున్నప్పుడు ఒక్క మధ్యాహ్నంలో తేలిపోతుందనుకున్నాను. పాత వార్నిష్ పెచ్చులు పెచ్చులుగా లేస్తున్న వాల్‌నట్ స్టాక్ అది, అంటే రైఫిల్ లోహ భాగాలు కూర్చునే కర్ర. 80 నంబరు గరుకు కాగితం వేళ్ళకు చుట్టుకుని రెండు గంటలు తెగ రుద్దాను. లేత గోధుమ రంగులో నున్నటి చెక్క బయటపడితే పొంగిపోయాను. తిరిగి బిగించి చూసుకుంటే ట్రిగ్గర్ గార్డు చుట్టూ, వెనక ప్లేటు చుట్టూ ఇనుము చెక్క కంటే ఎత్తుగా లేచి కూర్చుంది. ఇప్పటికీ ఆ రైఫిల్ చేతిలోకి తీసుకుంటే వేలు ముందు ఆ అంచు మీదికే పోతుంది.

పోయింది పాత పూత ఒక్కటే అయితే బాధ లేదు, దానితోపాటు చెక్క కూడా పోయింది. కింద రాసినదంతా ఆ తప్పు మీరు చేయకుండా ఉండటానికే. ఎయిర్ రైఫిల్ అయినా, తూటా రైఫిల్ అయినా కర్ర విషయంలో పద్ధతి ఒకటే.

అసలు చేయాలా?

చాలా స్టాకులకు కొత్త పూత అక్కర్లేదు, మురికి వదిలితే చాలు. చేతి చెమట, పాత నూనె, దుమ్ము కలిసి నల్లటి జిడ్డు పొరగా కడతాయి. మెత్తటి గుడ్డను మినరల్ స్పిరిట్‌తో (పెయింట్ పల్చబరిచే పెట్రోలియం ద్రావకం) తడిపి ఒక చోట తుడిచి చూడండి. గుడ్డ నల్లబడి కింద చక్కటి చెక్క కనబడితే మొత్తం అలాగే తుడిచి, పల్చగా ఒక చెయ్యి నూనె రాసి వదిలేయండి. సగం మందికి పని ఇక్కడితో అయిపోతుంది.

రెండో సంగతి పాత సైనిక రైఫిళ్ళది. లీ-ఎన్‌ఫీల్డ్, మౌజర్, స్ప్రింగ్‌ఫీల్డ్, మోసిన్-నగాంట్ లాంటి వాటి కర్రల మీద తనిఖీ ముద్రలు, ఫ్యాక్టరీ గుర్తులు, కొన్నిటి మీద నంబర్లు కూడా ఉంటాయి. సేకరించేవాళ్ళు వెల కట్టేది వాటికే. గరుకు కాగితంతో ఒక ముద్ర చెరిగిపోతే దానితోపాటు రైఫిల్ విలువలో పెద్ద భాగం పోతుంది. అలాంటిది మీ చేతిలో ఉంటే శుభ్రం చేసి నూనె రాయడంతో ఆగండి. ఆ నొక్కులూ గీతలూ కూడా దాని చరిత్రే. కింద చెప్పే పని అంతా మామూలు వేట రైఫిల్, గురి సాధన రైఫిల్, పూత పూర్తిగా చెడిపోయిన కర్ర కోసం.

ముందు తుపాకీ, తర్వాత కర్ర

మ్యాగజైన్ తీయండి. బోల్టు (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) తెరిచి చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే చోటులోకి, కళ్ళతో చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. ఇంకోసారి చూడండి. పని చేసే గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. కర్ర విప్పేశాక మిగిలిన లోహ భాగం ఇంకా తుపాకీయే కాబట్టి దాన్ని తాళం వేసి దాచాలి. ఈ పని వారాలు పడుతుంది, అన్నాళ్ళూ బల్ల మీద పడి ఉంటే కుదరదు. లైసెన్సు నిబంధనలు మీ చోట ఎలా ఉన్నాయో ముందే తెలుసుకోండి.

స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ రైఫిల్ వాళ్ళకు ఒక హెచ్చరిక: కర్రను పట్టి ఉంచే స్క్రూలు మాత్రమే విప్పండి. స్ప్రింగు ఉన్న గొట్టం జోలికి పోవద్దు. లోపల స్ప్రింగు ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది, తగిన పనిముట్టు లేకుండా విప్పితే ఎగిరి వచ్చి ముఖానికి తగులుతుంది.

స్క్రూడ్రైవర్ కొన గాడిలో సరిగ్గా పట్టాలి. మామూలు స్క్రూడ్రైవర్ల కొన వాలుగా ఉండి గాడి పైఅంచుల్ని చెక్కేస్తుంది. తుపాకీ స్క్రూలకు గోడలు సమాంతరంగా ఉన్న కొన కావాలి. విప్పిన ప్రతి స్క్రూనూ, అది ఏ రంధ్రంలోదో రాసిన చీటీతో విడి విడి కవర్లలో వేయండి. ముందు స్క్రూ, వెనక స్క్రూ పొడవులు చాలావాటిలో వేరుగా ఉంటాయి. పొడవైనది తప్పు రంధ్రంలో బిగిస్తే బోల్టు కదలకుండా అడ్డం పడుతుంది. బెల్టు కొక్కేలు కూడా తీసేయండి. భుజానికి ఆనే చివర ఉన్న ప్లేటును మాత్రం ఇప్పుడే తీయకండి, దాని అవసరం ముందుంది.

పాత పూత ఏమిటో కనిపెట్టడం

ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు గానీ, తర్వాత రెండు రోజుల పని మిగులుస్తుంది. కనబడని చోట, బారెల్ కూర్చునే గాడి అంచునో ట్రిగ్గర్ గార్డు కింద దాగే భాగంలోనో, దూదిని డీనేచర్డ్ స్పిరిట్‌లో (తాగడానికి పనికిరాకుండా చేసిన ఆల్కహాల్) ముంచి అద్ది నిమిషం ఉంచండి. పూత జిగటగా మారితే అది లక్క పాలిష్. మోసిన్-నగాంట్‌ల ఎర్రటి మెరుపు ఎక్కువగా ఈ రకమే. స్పిరిట్‌కు లొంగకుండా లాకర్ థిన్నర్‌కు మెత్తబడితే లాకర్, అంటే త్వరగా ఆరే మెరుపు పూత. రెండింటికీ చలించకపోతే పాలీయురెథేన్ లాంటి గట్టి ప్లాస్టిక్ పూత. అసలు పైన పొరే లేక చెక్క చేతికి నేరుగా తగులుతుంటే నూనె పూత.

లక్క అయితే స్పిరిట్, గుడ్డ చాలు. నూనె పూతకు మినరల్ స్పిరిట్, ప్లాస్టిక్ పీచు సరిపోతాయి. మిగిలినవాటికి పెయింట్ రిమూవర్ కావాలి. పాత రకం రిమూవర్లలో మిథిలీన్ క్లోరైడ్ ఉండేది. మూసిన గదుల్లో దాని ఆవిరి పీల్చి మనుషులు చనిపోయారు. అమెరికాలో 2019లో అలాంటి రిమూవర్లను ఇంటి వాడకానికి అమ్మడం నిషేధించారు. ఆ పేరు లేని డబ్బానే కొనండి. నిదానంగా పనిచేస్తుంది, ఫర్వాలేదు. తలుపులు తీసి, చేతికి నైట్రైల్ గ్లవ్స్, కళ్ళకు అద్దాలు పెట్టుకుని మందంగా రాయండి. ఎండిపోకుండా మీద ప్లాస్టిక్ కాగితం కప్పి, డబ్బా మీద రాసినంత సేపు వదిలేయండి. ఉబ్బిన పూతను ప్లాస్టిక్ గీకుడు పలకతో తోయండి. ఇనుప పలక వద్దు, మెత్తబడిన చెక్కలో అది ఇట్టే దిగబడుతుంది. ఒక్కసారికి రాకపోతే మళ్ళీ రాయండి. మూడోసారికీ రాని పూతను నేను చూడలేదు.

ఓవెన్ క్లీనర్ కొడితే పూత చిటికెలో పోతుందని చెప్పేవాళ్ళుంటారు. పోయే మాట నిజమే. అందులోని కాస్టిక్ సోడా వాల్‌నట్‌ను నల్లబరుస్తుంది, చెక్క పోగులను పీచు పీచు చేస్తుంది, పక్కన అల్యూమినియం భాగం ఉంటే దాన్నీ తింటుంది. ఆ దారి వద్దు.

చెక్కలోకి దిగిన నూనె

ఏళ్ళ తరబడి తుపాకీ నూనె ఎక్కువగా పోసినవాళ్ళ రైఫిళ్ళలో, రిసీవర్ (బోల్టు కదిలే లోహపు భాగం) వెనక, చేతి పట్టు దగ్గర చెక్క నల్లగా కనబడుతుంది. రైఫిల్‌ను నిటారుగా నిలబెట్టి దాచినప్పుడు నూనె మెల్లగా కారి అక్కడికే చేరుతుంది. అలా నానిన చెక్క మెత్తబడుతుంది. దాని మీద కొత్త పూత ఆరదు, జిగురు అంటదు.

మెత్తటి సుద్ద పొడిని అసిటోన్‌తో పేస్టులా కలిపి ఆ చోట మందంగా పట్టించండి. అసిటోన్ ఆవిరవుతూ నూనెను పైకి లాగుతుంది, సుద్ద దాన్ని పీల్చుకుని పసుపు పచ్చగా మారుతుంది. ఎండాక దులిపి మళ్ళీ పట్టించండి. సుద్ద తెల్లగానే మిగిలేదాకా నాలుగైదు సార్లు పట్టవచ్చు. దగ్గర్లో మంట, హీటర్, నిప్పురవ్వ ఏదీ ఉండకూడదు. చెక్క పూర్తిగా లేత రంగుకు రాకపోయినా కంగారు పడకండి, జిడ్డు పోవడమే ముఖ్యం.

పగుళ్ళు వెతకాల్సిన సమయం కూడా ఇదే. రిసీవర్ తోక వెనక సన్నటి గీతలా మొదలయ్యే పగులు చాలా మామూలు. స్క్రూలు వదులై, పేలిన ప్రతిసారీ రిసీవర్ వెనక్కి వచ్చి చెక్కను గుద్దడం వల్ల వస్తుంది. జిడ్డు తీసేశాక నీళ్ళంత పల్చటి సూపర్ గ్లూ చుక్క వేస్తే సన్నటి పగులు దానంతటదే పీల్చుకుంటుంది. కాస్త తెరుచుకున్నదైతే నిదానంగా గట్టిపడే ఎపాక్సీని లోపలికి పంపి బిగించి ఉంచాలి. చేతి పట్టు దగ్గర అడ్డంగా పోయిన పగులు మాత్రం ఇంటి పని కాదు, గన్‌స్మిత్‌కు చూపించండి.

నొక్కులకు ఇస్త్రీ పెట్టె

నాకు ఈ మొత్తం పనిలో బాగా ఇష్టమైన ఘట్టం ఇది, గారడీలా ఉంటుంది. నొక్కు పడ్డచోట చెక్క పోదు, పోగులు నలిగి అణిగిపోతాయి, అంతే. ఆవిరి తగిలితే అవి నీళ్ళు పీల్చి మళ్ళీ ఉబ్బుతాయి. నూలు గుడ్డను తడిపి పిండి రెండు మడతలు వేసి నొక్కు మీద పరచండి. వేడి ఇస్త్రీ పెట్టె కొనతో రెండు మూడు సెకన్లు అద్ది తీయండి. సుస్సుమని ఆవిరి లేస్తుంది. గుడ్డ ఎండితే మళ్ళీ తడపండి, ఎండిన గుడ్డ మీద పెట్టె ఆనిస్తే చెక్క మాడుతుంది. ఐదారు సార్లకు చాలా నొక్కులు లేచి సమానమవుతాయి. చిన్న నొక్కుకు తడి గుడ్డ మీద సోల్డరింగ్ ఐరన్ కొన చాలు.

పోగులు తెగిపోయిన గాటు మాత్రం ఆవిరికి పూర్తిగా లేవదు. సగం లేచినా లాభమే, రుద్దాల్సింది సగానికి తగ్గుతుంది. ఆవిరి పట్టాక ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. ఈ దశ తప్పకుండా గరుకు కాగితానికి ముందే జరగాలి. ముందు రుద్ది తర్వాత ఆవిరి పడితే అణిగిన చోటు లేచి బొడిపెలా నిలుస్తుంది.

ఇనుము దగ్గర నల్లటి నీలపు మరకలు కనబడితే అవి తడిలో ఇనుము, చెక్కలోని టానిన్‌తో కలిసి చేసినవి. ఎంత రుద్దినా పోవు. ఆక్సాలిక్ యాసిడ్‌ను నీళ్ళలో కరిగించి రాస్తే గంటల్లో తేలిపోతాయి. అది విషం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. పని అయ్యాక నీళ్ళతో బాగా కడగండి, ఎండి మిగిలిన పొడిని రుద్ది గాల్లోకి లేపకండి.

గరుకు కాగితం

ఇక్కడే నేను బోల్తా పడ్డాను కాబట్టి వివరంగా చెబుతాను.

వెనక ప్లేటును తీయొద్దన్నాను కదా. దాన్ని అలాగే ఉంచి, దాని అంచుకు రెండు పొరల టేపు వేసి చెక్కను రుద్దండి. ప్లేటు అడ్డు ఉంటే చివర అంచు గుండ్రం కాదు, ఎత్తులు సమానంగా ఉంటాయి. రబ్బరు ప్యాడ్ ఉన్నా అదే పద్ధతి. ట్రిగ్గర్ గార్డు, రిసీవర్ ఆనే అంచుల దగ్గర అర సెంటీమీటరు మేర కాగితం వాడకపోవడమే మేలు, రిమూవర్, ప్లాస్టిక్ పీచుతో సరిపెట్టుకోండి. బారెల్ గాడి, రిసీవర్ కూర్చునే గుంట లోపల అసలు రుద్దకూడదు. అక్కడ చెక్కకూ ఇనుముకూ మధ్య ఆనిక మారితే గురి మారుతుంది.

కాగితాన్ని వట్టి వేళ్ళతో పట్టుకుంటే మెత్తటి చోట వేళ్ళు దిగబడి అలలు అలలుగా వస్తుంది. చదునైన భాగాలకు చెక్క ముక్కో కార్కు దిమ్మో వెనక పెట్టండి. వంపులకు పాత రబ్బరు గొట్టం ముక్క చుట్టూ కాగితం చుట్టండి. ఎప్పుడూ చెక్క పోగుల వాటం వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీతలు ఇప్పుడు కనబడవు, నూనె పడగానే ఒక్కొక్కటీ లేచి మిమ్మల్ని వెక్కిరిస్తాయి.

పాత పూత సరిగ్గా వదిలి ఉంటే 150తో మొదలుపెట్టవచ్చు. తర్వాత 220, ఆ తర్వాత 320. ప్రతి దశలో ముందు కాగితం గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి దానికి వెళ్ళండి. పక్క నుంచి బల్లదీపం వెలుతురు పడేలా పెట్టుకుంటే గీతలు దాగవు. వాల్‌నట్ పొడి ముక్కునూ కళ్ళనూ మండిస్తుంది, ఎన్95 మాస్కు పెట్టుకోండి. మిషన్ సాండర్ ముట్టుకోకండి.

చేతి పట్టు మీద గళ్ళ చెక్కడం ఉంటే దాని అంచుల వెంట టేపు వేసి కాపాడండి. ఆ గళ్ళలోని పాత పూతను రిమూవర్, టూత్‌బ్రష్‌తో మాత్రమే తీయాలి.

220 అయ్యాక చాలామంది వదిలేసే ఒక మెట్టు ఉంది. తడిగుడ్డతో కర్ర అంతా తుడవండి. నీళ్ళు తగలగానే తెగిన పోగులు పిల్లి మీసాల్లా లేస్తాయి. ఆరాక 320తో తేలిగ్గా, ఆ మీసాలు తెగేంత మాత్రమే రుద్దండి. రెండు మూడు సార్లు ఇలా చేస్తే ఇక లేవవు. ఈ పని ఇప్పుడు చేయకపోతే, మొదటిసారి వానలో తడిసిన రోజున మీ నున్నటి కర్ర దానంతటదే గరుకెక్కుతుంది. 400 దాటి వెళ్ళాల్సిన పని లేదు, మరీ నునుపు చేస్తే నూనె లోపలికి దిగదు.

పొడి ఊడ్చాక మినరల్ స్పిరిట్‌తో తుడవండి. తడి ఉన్న ఆ కాసేపూ చెక్క ఏ రంగులో కనబడుతుందో, పూత వేశాక దాదాపు అదే రంగు. నచ్చితే రంగు కలపొద్దు, మంచి వాల్‌నట్‌కు రంగు అవసరం అరుదు. బీచ్, బర్చ్ కర్రలు పాలిపోయి ఉంటాయి. వాటికి స్పిరిట్‌లో కలిసే డై పల్చగా వేయవచ్చు గానీ ముందు గాడి లోపల పరీక్షించండి, ముఖ్యంగా బర్చ్ మచ్చలు మచ్చలుగా పీల్చుతుంది. ఇంగ్లండ్ తుపాకీ పనివాళ్ళు ఆల్కనెట్ వేరును అవిసె నూనెలో నానబెట్టి, ఆ ఎర్ర నూనెనే మొదటి పూతగా వాడేవాళ్ళు. వాల్‌నట్ మీద ఆ ఎరుపు చూస్తే కళ్ళు తిప్పుకోలేం.

ఏ నూనె?

పచ్చి అవిసె నూనె ఆరడానికి వారాలు తీసుకుంటుంది. ‘బాయిల్డ్’ అని అమ్మేది నిజంగా కాచినది కాదు, తొందరగా ఆరడానికి కోబాల్టు, మాంగనీసు లాంటి లోహ లవణాలు కలిపినది. ఒక పూత ఆరడానికి రోజు, చలికాలంలోనూ వానల్లోనూ రెండు మూడు రోజులు. అందం ఎక్కువ, నీళ్ళను ఆపే శక్తి తక్కువ. టంగ్ నూనె (టంగ్ చెట్టు గింజల నుంచి తీసేది) దానికంటే నీటికి బాగా తట్టుకుంటుంది, ఆరడం నిదానం. కొనేటప్పుడు ‘టంగ్ ఆయిల్ ఫినిష్’ అన్న మాట చూసి మోసపోవద్దు, చాలా డబ్బాల్లో ఉండేది పల్చటి వార్నిషే. ట్రూ-ఆయిల్ లాంటివి అవిసె నూనెను ముందే కొంత చిక్కబరిచిన రకం, గంటల్లో ఆరతాయి, మెరుపు వస్తుంది. పాలీయురెథేన్ గట్టిదే గానీ గీత పడితే మొత్తం తీసి వేయాల్సిందే. మొదటిసారి చేసేవాళ్ళకు నా ఓటు ట్రూ-ఆయిల్ రకానికి, పాత సైనిక కర్రకైతే అవిసె లేదా టంగ్.

మొదటి పూతను కాస్త ఎక్కువగా రాసి, పావుగంట పీల్చనిచ్చి, మిగిలింది పూర్తిగా తుడిచేయండి. వెనక ప్లేటు తీయాల్సింది ఇప్పుడే. దాని కింద పోగుల కోత ముఖం ఉంటుంది, నీళ్ళు తాగే దారి అదే. అక్కడ పీల్చడం ఆపేదాకా పూయండి. బారెల్ గాడిలో, రిసీవర్ గుంటలో, స్క్రూ రంధ్రాల్లో కూడా రెండు పల్చటి చేతులు వేయండి. బయట అద్దంలా మెరిసి లోపల పచ్చిగా ఉన్న కర్ర గాలిలో తేమను బట్టి వంకర తిరిగి బారెల్‌ను తోస్తుంది.

వాల్‌నట్‌కు సన్నటి రంధ్రాలు ఎక్కువ. వాటిని పూడ్చకపోతే మెరుపు చుక్కలు చుక్కలుగా విరుగుతుంది. దీనికి రెండో పూత నూనె తడిగా ఉండగానే 320 నంబరు నీటి కాగితంతో (తడిలోనూ వాడగల గరుకు కాగితం) చిన్న చిన్న వలయాలుగా రుద్దండి. చెక్క పొడి, నూనె కలిసి గోధుమ రంగు బురద తయారవుతుంది. దాన్ని పోగులకు అడ్డంగా తుడిస్తే రంధ్రాల్లో కూరుకుపోతుంది. ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి మళ్ళీ చేయండి. రెండు మూడు సార్లకు రంధ్రాలు మూసుకుంటాయి. వాటి సొంత పొడితోనే పూడటం వల్ల రంగు తేడా ఉండదు.

ఆ తర్వాత పూతలన్నీ పల్చగా. రెండు మూడు చుక్కలు అరచేతిలో వేసుకుని, చెయ్యి వేడెక్కేదాకా రుద్దాలి. తడి కనబడకూడదు. పూత పూతకు మధ్య పూర్తిగా ఆరాలి, గోరుతో నొక్కితే జిగట ఉంటే ఇంకా ఆగాలి. కారిన చుక్క ఎండితే 0000 స్టీల్ ఊల్‌తో (అతి సన్నటి ఇనుప పీచు) తేలిగ్గా అణచి కొనసాగండి. ఆరు పూతలకు బాగుంటుంది, పన్నెండుకు ఇంకా బాగుంటుంది. నూనె పూతలకు పాతకాలం పనివాళ్ళ లెక్క ఒకటుంది: వారం పాటు రోజూ ఒకసారి, నెల పాటు వారానికి ఒకసారి, ఏడాది పాటు నెలకొకసారి, ఆపైన బతికినన్నాళ్ళూ ఏడాదికొకసారి. మరీ మెరుస్తోందనిపిస్తే చివరి పూత ఆరాక అదే 0000 ఊల్‌తో, కొంచెం మైనంతో పోగుల వెంట తడిమితే మెరుపు శాంతిస్తుంది. గళ్ళ భాగంలో మాత్రం ఒకటి రెండు పల్చటి పూతలు టూత్‌బ్రష్‌తో, ఆపైన వద్దు. గళ్ళు నిండిపోతే చేతికి పట్టు ఉండదు.

నూనె గుడ్డల సంగతి

ఇది పక్కన పెట్టే విషయం కాదు. అవిసె, టంగ్ నూనెలు ఆవిరై ఆరవు, గాలిలో ఆక్సిజన్‌ను పట్టి గట్టిపడతాయి. అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డను ఉండ చుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక పెరిగి పెరిగి, ఎవరూ నిప్పు పెట్టకుండానే కొన్ని గంటల్లో మండుతుంది. ఇళ్ళు కాలిన సందర్భాలున్నాయి. వాడిన ప్రతి గుడ్డనూ మడత లేకుండా ఆరుబయట ఒక్క పొరగా ఆరబెట్టండి, బిరుసెక్కాక పారేయండి. లేదా మూత ఉన్న ఇనుప డబ్బాలో నీళ్ళల్లో ముంచి ఉంచండి. ఈ రాత్రికి అలా ఉండనీ అనుకునే చోటే ప్రమాదం.

తిరిగి బిగించడం

చివరి పూత తర్వాత కనీసం వారం ఆగండి. స్క్రూ రంధ్రాల్లో గడ్డకట్టిన పూత ఉంటే గుండ్రటి చెక్క పుల్లకు కాగితం చుట్టి శుభ్రం చేయండి. రిసీవర్‌ను పైనుంచి నిదానంగా దించండి. పూత మందం వల్ల బిగువుగా ఉంటే ఎక్కడ తగులుతోందో చూసి ఆ పూతను మాత్రం గీకండి, సుత్తి తీయకండి. స్క్రూలను రెండింటినీ కొద్దికొద్దిగా మార్చి మార్చి బిగించండి. తయారీదారు పుస్తకంలో బిగింపు లెక్క ఉంటే దాన్నే పాటించండి.

బారెల్ కర్రకు తగలకుండా చేసిన రైఫిల్ అయితే, రెండింటి మధ్య ఒక కాగితం పెట్టి ముందు నుంచి రిసీవర్ దాకా లాగి చూడండి. ఎక్కడ ఆగితే అక్కడ గాడిలో పూత మందంగా కూరుకుంది. బోల్టు నాలుగుసార్లు ఆడించండి, సేఫ్టీ పనిచేస్తోందో చూడండి. కర్ర విప్పి బిగించిన ఏ రైఫిలూ పాత గురి దగ్గరే ఉంటుందని నమ్మకూడదు, రేంజిలో మళ్ళీ గురి సరిచూసుకున్నాకే వాడండి.

కొత్త నూనె పూత పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడటానికి ఇంకో నెల పడుతుంది. అందాకా స్పాంజి పరిచిన పెట్టెలో పెట్టకండి. నేను పెట్టాను. స్పాంజి గళ్ళ గుర్తులు పూత మీద అచ్చు గుద్దినట్టు పడ్డాయి, చివరి మూడు పూతలూ మళ్ళీ వేయాల్సి వచ్చింది.